లారీ కంటే ముందు వచ్చిన రుచి

పోయినసారి బదిలీలో మా సామాను లారీలో ఒక దారిన, మేము మరో దారిన బయలుదేరాం. మధ్యలో దసరా సెలవులు కలిసొచ్చి, పామేడులో మా ఆడపడుచు ఇంట్లో నాలుగు రోజులు ఆగాం. పామేడు ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లాలో ఉంది, కానీ మన చర్లకే దగ్గర. తమ జిల్లా కేంద్రానికి వెళ్ళాలన్నా అక్కడివాళ్ళు చాలా ఏళ్ళు తెలంగాణలోకి వచ్చి చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ వీధిలో తెలుగు, కోయ, హిందీ మూడూ వినిపిస్తాయి.

మా పాప మాత్రం ఏ భాషలోనూ మాట్లాడలేదు. నాలుగో తరగతికే మూడు బళ్ళు మారింది. ఏం కావాలని అడిగితే ఒకటే మాట: "మన వీధి చివర బండి మీది వెజ్ ఫ్రైడ్ రైస్."

సోయా సాస్ సీసా లారీలో ఉంది. అయినా పూనుకున్నాం. తొందరలో వేడి అన్నమే మూకుట్లో వేశాం, ముద్దయింది. పాప రెండు ముద్దలు తిని, "ఇది పోపన్నం" అని పళ్ళెం పక్కకు జరిపింది. ఉప్పూ కారమూ సరిపోయాయి. మరి లేనిదేమిటో చెప్పడానికి మాకు మాట దొరకలేదు. తెలుగు చెప్పి బతికేవాళ్ళం, కొంచెం సిగ్గేసింది.

ఆ లేనిదానికి జపానులో ఉమామి అని పేరు. 1908లో టోక్యోలో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచి దానిదేనని చూపించాడు. సోయా సాస్‌లో ఉన్నదీ అదే. మన షడ్రుచుల్లో దానికి చోటు లేదు. 'కమ్మదనం' దగ్గరగా వస్తుంది గానీ, నేతినీ పెరుగునీ కూడా కమ్మగా ఉందనే అంటాం కదా!

ఇదంతా విని మా ఆడపడుచు, "దానికింత పాఠమెందుకు వదినా? ఎండు పుట్టగొడుగులున్నాయి, వేద్దామా?" అంది. వానాకాలంలో పొరుగింటివాళ్ళు అడవి నుంచి తెచ్చిస్తే ఎండబెట్టి డబ్బాలో దాచిందట. (పిల్లలూ, పుట్టగొడుగుల్లో విషపువి కూడా ఉంటాయి. బాగా తెలిసినవాళ్ళు ఏరినవే తినాలి.)

ఈసారి రాత్రే అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో పరిచి ఆరబెట్టాం. పొద్దున పుట్టగొడుగులు నానేసి సన్నగా తరిగాం, నానిన నీళ్ళు పారబోయలేదు. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక నాలుగు పండు టమాటాలు వేసి, నూనె తేలేదాకా మగ్గించాం. తొందరపడకూడనిది ఇక్కడే. టమాటాలో గ్లుటమేట్ ఉంటుంది, ఎండు పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ ఉంటుంది. రెండూ కలిస్తే ఆ రుచి విడివిడిగా ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. పుట్టగొడుగులూ ఆ నీళ్ళూ పోసి ఇగిరించాం. తర్వాత బీన్సు, క్యాబేజీ వేసి, పెద్ద మంట మీద అన్నం వేసి ఎగరేశాం.

పాప తింది. "బండిది ఇలా ఉండదు" అంది. మా గుండె జారింది. అంతలోనే, "అత్తా, అడుగున మాడింది కూడా పెట్టు" అని పళ్ళెం చాపింది. పామేడు వచ్చాక అత్తతో అది మాట్లాడిన మొదటి మాట.

బయలుదేరే రోజు మిగిలిన పుట్టగొడుగులు పొట్లం కట్టించుకుని తన బడిసంచిలో పెట్టుకుంది. కొత్త ఊళ్ళో లారీ దించేసరికి సాస్ సీసా మూత ఊడి మా పుస్తకాల పెట్టెలో ఒలికిపోయి ఉంది. మా ఎనిమిదో తరగతి వాచకం ఇప్పటికీ ఆ వాసనే వేస్తోంది.