అరిగిన పెడల్‌కి ఆటోనగర్ వైద్యం

బెజవాడలో లారీకి దొరకని సామాను ఉండదంటారు. కొత్త లారీ అయితే ఏ ఊళ్లోనైనా అంతే. డబ్బు కడితే పెట్టె విప్పి చేతిలో పెడతారు. అసలు పరీక్ష పాత లారీ వచ్చినప్పుడే. నలభై యాభై ఏళ్ల కిందటి బండి... తయారుచేసిన కంపెనీ కూడా ఆ మోడల్‌ని పక్కనపెట్టేసిన బండి... క్లచ్ పెడల్ దగ్గర అరిగిపోయి ఆగిపోతే? అలాంటి ముసలి లారీకీ మళ్లీ నడక నేర్పే చోటు ఒకటుంది. అదే విజయవాడ జవహర్ ఆటోనగర్.

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి, మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె వెళ్లే రహదారి ఈ ఊళ్లోనే కలుస్తాయి. ఇప్పుడు వాటి నంబర్లు 16, 65. పాత డ్రైవర్ల నోట మాత్రం ఇంకా 5, 9 అనే వస్తుంది. రోడ్లు కలిసినచోట లారీలు ఆగుతాయి. లారీలు ఆగినచోట మేస్త్రీలు ఉంటారు. ఆ పనులన్నీ ఒక్కచోట ఉండేలా 1960ల్లో బందరు రోడ్డు వైపు, పటమట దాటాక ఆటోనగర్‌ను ఏర్పాటుచేశారు. అక్కడికి దగ్గర్లో ఉన్న పెద్ద కూడలి పేరేమిటో తెలుసుగా... బెంజ్ సర్కిల్!

వీధికో చప్పుడు

ఆటోనగర్‌లో అడుగుపెడితే ముందు పలకరించేది శబ్దమే. ఒక వీధిలో సమ్మెట దెబ్బలు, ఇంకో వీధిలో లేత్ మిషన్ల రొద, మరోచోట వెల్డింగ్ చిటపటలు. డీజిలు, గ్రీజు, కొత్త రంగు, కోసిన చెక్క... అన్నీ కలిసిన వాసన ఒకటి గాల్లో తిరుగుతుంటుంది. ఇక్కడ ఒక్కో షెడ్డుది ఒక్కో విద్య. రేడియేటర్ చూసేవాళ్లు కమాను కట్టల జోలికి పోరు. తొట్టి కట్టేవాళ్లు ఇంజిన్ మూత తియ్యరు. సీట్లు కుట్టేవాళ్లు, రంగులేసేవాళ్లు, డైనమోలు చుట్టేవాళ్లు... ఎవరి పని వాళ్లదే. ఆసుపత్రిలో కంటికో డాక్టరు, ఎముకకో డాక్టరు ఉన్నట్టన్నమాట.

ఇక పాత లారీలంటారా... రోడ్డుమీద తక్కువగానే కనిపిస్తున్నా పూర్తిగా పోలేదు. నీళ్ల ట్యాంకర్‌గానో, బోరు బండిగానో, పాతకాలం సినిమాకు అద్దె బండిగానో కొన్ని ఇంకా బతుకుతున్నాయి. వాటి యజమానులు ఎక్కువగా ఒక్క బండి ఆసాములే. బండి కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

కాలికింద కథ

‘మేస్త్రీ, క్లచ్ నేలదాకా పోతోంది. గేరు పడట్లేదు’ అంటాడు డ్రైవరు.

‘ప్లేటు మార్పించావా అన్నా?’

‘మార్పించాను. అయినా అంతే.’

మేస్త్రి క్యాబిన్‌లోకి ఎక్కడు. నేరుగా బండి కిందికి దూరతాడు. పెడల్ పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. అది పక్కలకు కదిలిందంటే జబ్బు క్లచ్ ప్లేటులో లేదు, పెడల్‌లోనే ఉందని అర్థం.

పాత లారీల్లో క్లచ్ పని ఎక్కువగా కడ్డీలతోనే నడిచేది. పెడల్ ఒక షాఫ్టు మీద ఊగుతుంది. ఆ షాఫ్టుకీ పెడల్‌కీ మధ్య గన్‌మెటల్ బుష్షు ఉంటుంది. పెడల్ కింది చెయ్యి ఒక కడ్డీని లాగుతుంది. కడ్డీ చివర ఫోర్కు, ఫోర్కులో పిన్ను, పిన్ను జారకుండా స్ప్లిట్ పిన్ను. ఆ కడ్డీ లాగితే గేరుబాక్సు ముందు ఉండే మరో ఫోర్కు కదిలి రిలీజ్ బేరింగును నెడుతుంది. అప్పుడు ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ లంకె తెగుతుంది. కాలు తీయగానే పెడల్‌ని వెనక్కి లాగడానికి ఒక స్ప్రింగు. తర్వాత వచ్చిన లారీల్లో కడ్డీల స్థానంలోకి నూనెతో పనిచేసే సిలిండర్లు వచ్చాయి కానీ పెడల్, బుష్షు, పిన్ను మాత్రం పోలేదు.

ఊరి ట్రాఫిక్‌లో తిరిగే బండికి రోజుకి అయిదొందలసార్లు క్లచ్ తొక్కారనుకుందాం. ఏడాదిలో మూడొందల రోజులు తిరిగినా లక్షన్నర తొక్కుళ్లు! గ్రీజు అందని బుష్షు లోపల గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. పిన్ను నడుము సన్నబడుతుంది. అరిగింది ఒక్క మిల్లీమీటరే కదా అనుకోవడానికి లేదు. పెడల్ పై చెయ్యి కింది చెయ్యికన్నా అయిదు రెట్లు పొడవుంటే, కింద ఒక మిల్లీమీటరు అరుగుదల కాలి దగ్గర అయిదు మిల్లీమీటర్లవుతుంది. రెండు మూడు కీళ్లు అరిగితే కాలు తొక్కిన దూరమంతా ఆ సందుల్లోనే ఖర్చయిపోతుంది. క్లచ్ పూర్తిగా విడవదు. గేర్లు కరకరలాడతాయి. వాటి పళ్లు విరిగితే అయ్యే ఖర్చు ముందు బుష్షు ధర ఎంత!

పాత ఇనుములో వేట

మొదటి ప్రయత్నం పాత సామాన్ల కొట్లలో. తుక్కుగా విప్పేసిన లారీల భాగాలు అక్కడ గుట్టలుగా ఉంటాయి. చెన్నైకి పుదుపేట, దిల్లీకి మాయాపురి ఎలాగో బెజవాడకు ఈ కొట్లు అలాగ. వెళ్లేటప్పుడు నోటిమాట చాలదు, అరిగిన ముక్కను చేత్తో పట్టుకెళ్లాలి. దానిమీద పోత పోసిన నంబరు కనిపిస్తే ఇంకా మంచిది. మసి తుడిచి, వైరు బ్రష్షుతో రుద్ది ఆ అంకెలు చదువుతారు. ఒకే పెడల్‌ని రెండు మూడు మోడళ్లకు వాడి ఉండొచ్చు. ‘ఇది ఆ బండిది కాదండీ, కానీ దానికి సరిపోతుంది’ అనే మాట అనుభవం ఉన్న కొట్టు యజమాని నోటినుంచే వస్తుంది.

బండి పుట్టుక తెలిస్తే వేట తేలికవుతుంది. టాటావాళ్లు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో 1954లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. ముందున్న నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చినా లోపలి పోలికలు ఒక్కసారిగా మారిపోలేదు. అందుకే వాటిని ‘బెంజి లారీ’ అనే పిలిచేవారు. చెన్నై దగ్గరి ఎన్నూరులో 1955 నుంచి అశోక్ లేలాండ్ పేరుతో బండ్లు వచ్చాయి. వాటిలో కామెట్ అంటే పాతతరం డ్రైవర్లకు ప్రాణం. ఈ రెండింటికీ ఎక్కడో ఓచోట ముక్క దొరుకుతుంది. బొంబాయి ప్రీమియర్ కంపెనీ చేసిన డాడ్జ్, ఫార్గో లారీలూ, హిందుస్థాన్ మోటార్స్ చేసిన బెడ్‌ఫోర్డ్‌లూ అలా కాదు. వాటికి సామాను దొరకడం గగనమే. అప్పుడిక దారి ఒక్కటే... లేత్ షెడ్డు.

కొలత తప్పితే కథ కంచికే

టర్నరు ముందు కొలతలు తీసుకుంటాడు. షాఫ్టు అరిగినచోట కాదు, అరగనిచోట. అసలు సైజు అక్కడే దాగి ఉంటుంది. అరుగుదల తక్కువైతే షాఫ్టును సన్నగా చెక్కి, దానికి తగ్గట్టు బుష్షు చేస్తాడు. ఎక్కువైతే అరిగిన చోట వెల్డింగుతో లోహం నింపి, లేత్ మీద మళ్లీ పాత సైజుకు తెస్తాడు. కొత్త పిన్నుకు మామూలు ఇనుము పనికిరాదు. ఈఎన్-8 లాంటి గట్టి ఉక్కు కావాలి.

బుష్షుకు మాత్రం మెత్తటి లోహమే వాడతారు. రాగిలో తగరం, కొంచెం జింకు కలిపిన గన్‌మెటల్ అందుకు పేరుమోసింది. రెండూ రాసుకున్నప్పుడు ఖరీదైన షాఫ్టు బతకాలి, చవకైన బుష్షు అరగాలి. అదీ లెక్క. కొత్త బుష్షును పెడల్ రంధ్రంలో బిగుతుగా నొక్కి కూర్చోబెడతారు. నొక్కినప్పుడు దాని లోపలి రంధ్రం కాస్త కుంచించుకుపోతుంది. అందుకే చివర్లో రీమరుతో సరిచేస్తారు. గ్రీజు వెళ్లే రంధ్రం నిప్పులుకు ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోవాలి. ఇక్కడే తొందరపడితే ఎంత గ్రీజు కొట్టినా లోపలికి చుక్క దిగదు.

మంచి మేస్త్రీలు ఒప్పుకోని పనులు కొన్నున్నాయి. పిన్ను బదులు మరలున్న బోల్టు పెట్టరు. ఆ మరలు ఆకురాయిలా రంధ్రాన్ని కోసేస్తాయి. సాగిన స్ప్రింగును కాల్చి కుదించరు. కాలిస్తే దాని పదును పోతుంది. పెడల్ చెయ్యి పగిలితే పైపైన అతుకు వెయ్యరు. ఘాట్ రోడ్డు మీద అది విరిగితే పోయేది బండి ఒక్కటే కాదు మరి!

అన్నీ బిగించాక చివరి పరీక్ష కాలితోనే. పెడల్ కదలగానే క్లచ్ అందుకోకూడదు. ముందు కాస్త ఖాళీ ఉండాలి. దాన్నే ‘ఫ్రీ ప్లే’ అంటారు. అసలు లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూ పాడవుతుంది, ప్లేటు జారి కాలిపోతుంది. ఎక్కువైతే మళ్లీ పాత జబ్బే.

ముందున్నది గడ్డుకాలం

పాత బండ్లకు రోజులు దగ్గరపడుతున్నాయి. కేంద్రం 2021లో తుక్కు విధానాన్ని ప్రకటించింది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయ్యాయి. ప్రైవేటు లారీకి ఫిట్‌నెస్ పరీక్షే ఆయువు. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలకు ఆ ఫీజులూ 2022 ఏప్రిల్‌లో పెరిగాయి. యాభై ఏళ్లు నిండిన వాహనాలకు ‘వింటేజ్’ గుర్తింపునిచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి కానీ అలాంటి బండిని వ్యాపారానికి నడపకూడదు. కార్లు దాచుకునేవాళ్లకు అది బాగానే ఉంటుంది. లోడు మోసి బతికే లారీకి ఏం లాభం?

పొగ తగ్గాలి, రోడ్లు భద్రంగా ఉండాలి. అందులో రెండో మాట లేదు. అయితే పాత లారీలతోపాటు వెళ్లిపోయే ప్రమాదం ఉన్నది ఇంకొకటుంది... చేతిపని. ఇప్పటి బండ్లకు పాడైన భాగాన్ని మొత్తంగా తీసి కొత్తది బిగించడమే ఎక్కువ. చెవితో జబ్బు కనిపెట్టి, వేలితో అరుగుదల తడిమి, లేని ముక్కను ఉక్కు కడ్డీలోంచి పుట్టించే విద్య పుస్తకాల్లో దొరకదు. మేస్త్రి పక్కన పానాలు అందిస్తూ ఏళ్లతరబడి నిలబడితేనే వస్తుంది. అలా నిలబడే కుర్రాడు ఉన్నన్నాళ్లూ ఆటోనగర్‌లో ఏ బండీ అనాథ కాదు.

పాత బండి ఉన్నవాళ్లకు మేస్త్రీలు చెప్పే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. ‘పెడల్‌కి వేళకింత గ్రీజు కొట్టండి. మా దగ్గరికి రావాల్సిన పనే ఉండదు!’