ఏ కొమ్మ మీద?

మిషిగన్‌లో విల్లుతో జింకల వేట అక్టోబరు 1న మొదలవుతుంది. అంతకు నెల ముందునుంచే మాలాంటివాళ్లకి చేతులు దురదపెడతాయి. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని, చెట్టెక్కి, మానుకి వేలాడుతూ కాపు కాయడాన్ని శాడిల్ వేట అంటారు. ఎక్కడానికి చాలామంది మెట్లు బిగిస్తారు. అవి మొయ్యలేక నేను తాడు దారి పట్టాను.

తాడు తనంతట తాను పైకి పోదు కదా. గుళ్లు నింపిన చిన్న సంచిని, ఓ మూడొందల గ్రాములది, సన్నటి దారానికి కట్టి, కాళ్ల మధ్య ఊపి కొమ్మ మీదుగా విసరాలి. సంచి అవతల దిగాక దారానికి తాడు కట్టి లాగాలి. ఆ వేసవంతా పెరట్లో ఇదే పని. "మామిడికాయలు కొడుతున్నారా?" అని కిటికీలోంచి మా ఆవిడ. నేను మాత్రం విద్య పట్టుబడిందనే అనుకున్నాను.

పట్టుబడింది విసరడం ఒక్కటే.

అడవిలో జింకల దారి పక్కనే నిటారుగా ఉన్న చెట్టొకటి చూసుకున్నాను. దారం పొదల్లో చిక్కుకుంది, సంచి పంగలో ఇరుక్కుంది, చెమటలు కారాయి. చివరికి ఒక విసురు ఇరవై అడుగుల ఎత్తు కొమ్మ దాటి దిగింది. అబ్బ, ఆ సంబరం! అది ఎలాంటి కొమ్మో చూడాలని తోస్తేనా. నవ్వకండి, ఆ క్షణంలో మీకూ తోచదు. తాడు లాగి, ఒక కొస మాను మొదట్లో కట్టి, రెండో కొస పట్టుకుని ఎక్కసాగాను. మనిషెత్తు లేచానో లేదో, పైన ఫట్‌మంది.

వెల్లకిలా పడి చూస్తే అన్నీ కనిపించాయి. ఆకుల్లేని పైకొమ్మలు. వడ్రంగిపిట్టలు బెరడు లేపేసిన పాలిపోయిన మచ్చలు. పక్కనే పడ్డ కొమ్మ మీద ఇంగ్లీషు 'డి' అక్షరంలా సన్నటి బెజ్జాలు. అది యాష్ చెట్టు. 2002లో ఈ రాష్ట్రంలోనే బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఆ జాతి చెట్లని కోట్లలో చంపేసింది. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు.

రెండో తప్పు ఇంటికొచ్చి చీలమండకి ఐసు పెట్టుకుంటుంటే వెలిగింది. తాడు మొదట్లో కడితే పైకొమ్మ గిలకైపోతుంది. 80 కిలోల మనిషి వేలాడితే దాని మీద పడే బరువు దాదాపు 160. చిన్నప్పుడు బడిలో ఈ లెక్కకి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మా ఊరి గౌడన్నల మోకు మాను చుట్టూనే తిరుగుతుంది; తాటిచెట్టుకి కొమ్మల్లేవు కాబట్టి వాళ్లకి ఈ తెలివితక్కువ అవకాశమే లేదు.

మీరెప్పుడైనా తాడు వేస్తే, సంచి దిగగానే సంబరపడకండి. తాడు ఎక్కడ కూర్చుందో బైనాక్యులర్లతో చూడండి. మానుని ఆనుకున్న లావుపాటి పంగలో లేకపోతే లాగేసి మళ్లీ విసరండి. ఎక్కేముందు ఇంకొకరిని పిలిచి ఇద్దరూ కలిసి వేలాడి చూడండి. పచ్చగా ఉన్న ఓక్ చెట్టు జింకల దారికి కాస్త దూరమైనా, దాన్నే ఎక్కండి.