ఒర్రెలో కడిగిన పంపు



ఈ పోస్టు రాయాలా వద్దా అని రెండు నెలల నుంచి ఆలోచిస్తున్న. పత్తి ధర గురించో, వరిలో ఏ రకం మంచిదో రాసినంత సులువు కాదు ఇది. ఇందులో నా తప్పుంది. కొంచెం పొడుగుంటది, ఓపికగ చదవండి. చెరువు పైన గాని, చెరువు కింద గాని భూమి ఉన్నోళ్లయితే తప్పకుండ చదవండి.

నాకున్నది మూడున్నర ఎకరాలు. చెరువు కింద ఎకరం ఇరవై గుంటలు వరి, చెరువు పైన రెండెకరాల చెల్క. చెల్కలో పత్తి పెడత. దాని పక్క నుంచే ఒక ఒర్రె పోయి చెరువులో కలుస్తది. మందు కొట్టేటప్పుడు నీళ్లు ఆ ఒర్రెలోనే ముంచుకునేది, పని అయినంక పంపు కడిగేది కూడ అందులోనే. మా నాయన అట్లనే చేసిండు, నేనూ అట్లనే చేసిన. పారే నీళ్లకు దోషం లేదని అనుకునేటోళ్లం.

ఎనిమిదేళ్ల కింద, సద్దుల బతుకమ్మకు మూడు రోజుల ముందు సంగతి. పత్తిల గుడ్డిపూలు కనిపించినయ్, గులాబీ రంగు పురుగు వచ్చింది. దుకాణంల సైపర్‌మెత్రిన్ తెచ్చి పొద్దుగూకేదాక కొట్టిన. ఆఖరికి పంపుల నాలుగైదు లీటర్ల మందు నీళ్లు మిగిలినయ్, డబ్బా అడుగున ఇంత మందు మిగిలింది. మబ్బు పట్టింది, ఇంటికి పోవాలె. తొందరల అంతా ఒర్రెల గుమ్మరించిన. పంపు, బకెట్టు అక్కడనే కడిగిన. డబ్బా కూడ కడిగి గట్టు మీద పారేసిన. ఆ రాత్రి వాన దంచి కొట్టింది.

తెల్లారి చెరువు కట్ట మీద జనం. ఒర్రె కలిసే మూల నీళ్లు తెల్లగ మెరుస్తున్నయ్. దగ్గరికి పోతే అవి చేపల పొట్టలు. పరకలు, రొయ్యలు, ఆ ఏడు సంఘమోళ్లు వదిలిన రవ్వ, బొచ్చె పిల్లలు. కొన్ని ఇంకా అడ్డం తిరిగి కొట్టుకుంటున్నయ్.

మా ఊరి చేపల సంఘం పెద్దమనిషిని నేను చిన్నప్పటి నుంచి మామ అని పిలుస్త. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి ఉన్నడు. నన్ను చూసి అడిగిండు: "అల్లుడా, నీ చేను అటేనాయె. నిన్న ఒర్రెకాడ ఎవలన్న పంపు కడిగిండ్రా?"

"నేను చూడలే మామా" అన్న.

ఊళ్లె అందరు ఉక్కపోతకు చచ్చినయ్ అన్నరు. మామ ఒప్పుకోలే. "ఊపిరాడక చస్తే పెద్ద చేప ముందు తేలుతది, చెరువు అంతట తేలుతది. ఇక్కడ చిన్నయి ముందు చచ్చినయ్, ఒక్క మూలకే చచ్చినయ్. నీళ్ల పురుగులు కూడ చచ్చినయ్ చూడు" అన్నడు. తర్వాత ఎన్నో ఏళ్లకు నేను చదువుకున్న దాంట్ల కూడ ఇదే ఉంది. ఆక్సిజన్ తక్కువైతే ముందు పెద్ద చేప పోతది. మందు కలిస్తే ముందు చిన్న చేప, రొయ్య, పురుగు పోతయ్. మామకు ఇది ఎవరూ చెప్పలే, నీళ్లల్ల బతికి నేర్చుకున్నడు.

కొన ఊపిరితో ఉన్న చేపలను ఆ పొద్దు అగ్గువకు అమ్మిండ్రు. పిల్లలు గంపలల్ల ఏరుకపోయిండ్రు. మా ఇంట్ల కూడ కూర అయింది. నేను తినలే. పిల్లలను కూడ తిననియ్యలే, వాసనొస్తుందని చెప్పి పారబోయించిన. మిగతా ఊరు మొత్తం తిన్నది. దేవుని దయవల్ల ఎవలకూ ఏం కాలే. కానీ నా పిల్లల గిన్నె ఒక్కటి పారబోయించి, ఊరి గిన్నెల సంగతి నోరు మూసుకున్న చూడండి, అది నన్ను ఇప్పటికీ వదుల్తలేదు. సద్దుల నాడు ఆడోళ్లు ఆ మూలకు పోలేక ఇంకో దిక్కు నుంచి బతుకమ్మలు వదిలిండ్రు.

ఇగ నేను నేర్చుకున్నది చెప్త.

మా బిడ్డ హనుమకొండల డిగ్రీ చదివింది, జువాలజీ. ఒకనాడు మందు డబ్బా మీది త్రికోణం చూపించి "నాయినా, ఇది ఏందో తెలుసా?" అన్నది. "తెల్వకేంది, ఎరుపు అయితే బాగ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అయితే తక్కువ" అన్న. "ఎవలకు తక్కువ?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ రంగు ఎలుకల లాంటి జంతువుల మీద చేసిన పరీక్షను బట్టి పెడతరు. అంటే మనిషికి ఎంత ప్రమాదమో అంచనా వేయడానికి. చేపకు, కప్పకు, ఎండ్రికాయకు ఆ రంగుతో సంబంధం లేదు. వాటి సంగతి డబ్బాతో వచ్చే కాగితంల సన్నటి అక్షరాలల్ల ఉంటది.

సైపర్‌మెత్రిన్ లాంటి మందులు మన ఒంట్లోకి కొద్దిగ పోతే కాలేయం విరగ్గొట్టి బయటికి పంపుతది. చేపకు ఆ శక్తి చాలా తక్కువ. పైగా అది మొప్పలతోటి నీళ్లను వడగట్టుకుంట బతికే జీవి, నీళ్లల్ల ఉన్న మందు నేరుగ రక్తంలోకి పోతది, నరాలు పట్టు తప్పుతయ్. లీటరు నీళ్లల్ల సుమారు ఒక మైక్రోగ్రాము ఉన్నా సున్నితమైన చేపలు చస్తయ్. మైక్రోగ్రాము అంటే గ్రాముల పది లక్షల వంతు.

లెక్క మీరే చేయండి. 10 శాతం మందు 20 మిల్లీలీటర్లు మిగిలిందనుకోండి. అందులో అసలు విషం 2 గ్రాములు, అంటే 20 లక్షల మైక్రోగ్రాములు. 20 లక్షల లీటర్లకు సరిపోతది. అర ఎకరం కుంటల మీటరు లోతు నీళ్లుంటే సుమారు అంత. చాయ గిలాసల సగం కూడ కాని మందు అది. నిజానికి ఈ మందు తొందరగ బురదకు, ఆకుకు అంటుకుంటది, అందుకే చెరువు మొత్తం చావలే, ఒర్రె మూతి కాడనే చచ్చినయ్. బురదకు అంటుకున్నదంటే పోయిందని కాదు. బురదల బతికే పురుగులకు, గుల్లలకు అది ఇంకా ఉన్నట్టే.

ఇంకో రకం మందులున్నయ్, ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి. పచ్చదోమకు, పేనుబంకకు కొడతం. పత్తి విత్తనానికి పట్టించి కూడ వస్తది. ఇవి చేపను వెంటనే చంపవు. అందుకే మనకు మంచివే అనిపిస్తయ్. కానీ నీళ్లల్ల బాగ కరుగుతయ్, వానతోటి కొట్టుకపోతయ్, నీళ్లల్ల పుట్టే చిన్న పురుగులను చంపుతయ్. జపాన్‌ల షింజీ అని ఒక సరస్సు ఉంది, చుట్టూ మన లెక్కనే వరి పొలాలు. అక్కడి పొలాలల్ల ఈ రకం మందులు 1993 నుంచి వాడిండ్రు. ఎండాకాలానికి ముందు పెరిగే జంతు ప్లవకాలు, అంటే చేపలు తినే సన్నటి జీవులు, 83 శాతం పడిపోయినయ్. వకసాగి అనే చేప ఏడాదికి 240 టన్నులు దొరికేది 22 టన్నులకు వచ్చింది. ఈ సంగతి 2019ల సైన్స్ పత్రికల వచ్చింది. అక్కడ చచ్చిన చేపలు నీళ్ల మీద తేలలేదు. తిండి లేక తగ్గిపోయినయ్. మన చెరువుల మీద తూనీగలు తగ్గినయని మీకు కూడ అనిపిస్తుందా? తూనీగ పిల్ల నీళ్లల్లనే పెరుగుతది, దోమ పిల్లలను తింటది. దాన్ని చంపుకొని దోమలు ఎక్కువైనయని తిట్టుకుంటున్నం.

ఇప్పుడు కొత్తగ నానో అంటున్నరు. 2021ల నానో యూరియా వచ్చింది, 2023ల నానో డీఏపీ వచ్చింది. జింకు, రాగి కూడ నానోల వస్తున్నయ్. దుకాణంల "అన్నా, చుక్క చాలు" అంటున్నరు. నేను వద్దనేటోణ్ణి కాదు. తక్కువ మందుతోటి పని అయితే చెరువుకు కూడ మంచిదే. కానీ అన్నింటిని ఒక్క గాటన కట్టొద్దు.

నానో అంటే మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి నుంచి వంద ముక్కలంత సైజు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. యూరియా ఎంత చిన్నదైనా యూరియానే, నీళ్లల్ల కరుగుతది, మొక్కో సూక్ష్మజీవో వాడుకుంటది. రాగి, జింకు, వెండి అట్ల కాదు. లోహం విరిగి ఇంకోటి కాదు. చేనుకు కొద్దిగ మేలు చేసే రాగే నీళ్లల్ల నాచుకు, నత్తకు, చేప మొప్పకు విషం. సన్నగ నలిగితే దాని ఒంటి పైభాగం పెరుగుతది, అంటే పని చేసే తావు పెరుగుతది. తెగులు మీద ఎట్ల ఎక్కువ పని చేస్తదో, నీటి జీవి మీద కూడ అట్లనే చేస్తది. చెరువుల పడ్డంక ఈ కణాలు ఒకదానికొకటి అంటుకొని బురదల కూసుంటయ్. కెనడాల పరీక్షల కోసమే పెట్టుకున్న ఒక సరస్సుల 2014, 2015ల నానో వెండి కలిపి చూసిండ్రు. అది చేపల ఒంట్లోకి చేరింది, అక్కడి పెర్చ్ చేపలు తినే తిండి తగ్గింది.

మన దేశంల 2020లనే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నానో వ్యవసాయ ఉత్పత్తులను ఎట్ల పరీక్షించాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మనం అడగాల్సింది ఒక్కటే: దీంట్ల లోహం ఉందా, నీటి జీవుల మీద పరీక్ష చేసిండ్రా? ఆ పొద్దు సైపర్‌మెత్రిన్ కొన్నప్పుడు నేను అడగని ప్రశ్న అది.

మొన్న ఎండకాలం మామ ఇంటికి పోయిన. ఇప్పుడు ముసలైండు, వల వేస్తలేడు. మంచం మీద పక్కన కూసోని అంతా చెప్పిన. చాలాసేపు మాట్లాడలే. తర్వాత అన్నడు: "పంపు కడిగినవని నాకు కోపం లేదు అల్లుడా. అందరు కడుగుతరు. ఆ పొద్దు అడిగిన్నాడు చెప్పినా అయిపోతుండె. ఒర్రెకు అడ్డం కట్ట వేసేటోళ్లం. ఆ చేపలను ఊళ్లె తిననియ్యకపోదుం."

నేను తల వంచుకొని కూసున్న. ఆయన చాయ పెట్టుమని కోడలికి చెప్పిండు.

ఇప్పుడు నేను చేస్తున్నవి రాస్త, మీకు వీలైనవి చేయండి.

పంపు ఒర్రెల కడుగుత లేను. డబ్బా ఖాళీ అయితే మూడు సార్లు నీళ్లు పోసి కదిలించి, ఆ నీళ్లు పంపులనే పోసి చేనుకే కొడుత. మందు వృథా కాదు, నీళ్లూ పాడు కావు.

మబ్బు ఉంటే, ఫోన్ల వాన సూచన ఉంటే ఆ రోజు మందు ముట్టుకోను.

ఒర్రె పక్కన పది అడుగులు పత్తి పెట్టకుండ గడ్డి వదిలిన. బర్రెకు మేత అయితుంది, కొట్టుకొచ్చే మట్టిని ఆపుతుంది.

లింగాకర్షక బుట్టలు పెట్టిన. వరుసగ మూడు రోజులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు గురించి ఆలోచిస్త. అంతకుముందు పక్కోడు కొట్టిండని నేనూ కొట్టేది.

వరిల గుళికలు చల్లినంక వారం దాక మడి నీళ్లు బయటికి వదల్త లేను.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి పొరపాటు అయితది. మనిషిమి, తొందరల ఉంటం. అట్ల అయితే దాచకండి. చెరువు మీద బతికేటోళ్లకు ఆ పొద్దే చెప్పండి. తిడితే తిట్టనియ్యండి. నేను ఒక్క మాటకు ఎనిమిదేళ్లు తీసుకున్న.

ఉంట మరి.