ఇందూరికి వెళ్ళేముందు

సెలవులు వస్తున్నాయంటే మన ఇళ్ళలో మొదట జరిగే చర్చ యెక్కడికి వెళ్ళాలన్నది. రెండవది యెంత అవుతుందన్నది. మూడవది, ఆవకాయ సీసా పెట్టెలో పెట్టాలా, చేతిసంచిలో పెట్టాలా అన్నది. వెళ్ళబోయే చోటును గురించి నాలుగు పుస్తకాలు చదువుకుని వెళదామన్న మాట మాత్రం నాలుగవదిగానైనా రాదు.

నిజామాబాదు పేరెత్తితే, ‘‘అక్కడ చూడడానికేముందండీ!’’ అంటారు. అలా అనేవారిలో చాలామంది ఆ ఊరిమీదుగా వెళ్ళినవారే. పిల్లవాడికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళతారు. నిజామాబాదు స్టేషనులో రైలు ఆగుతుంది, టీ తాగుతారు, రైలు కదులుతుంది. బాసర నుంచి తిరిగి వచ్చేటప్పుడూ అంతే. రెండు రోజులు అక్కడ దిగి ఉండదలచిన మిత్రులు కొందరు, నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక, ముందుగా ఏమి చదవాలో చెప్పమన్నారు. వారికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో హోటళ్ళ వివరాలు వుండవు.

మొదట చదవవలసినది దాశరథి కృష్ణమాచార్యుల ‘అగ్నిధార’. నిజామాబాదు అసలు పేరు ఇందూరు. ఊరి పక్క గుట్టమీద ఖిల్లా వుంది, అందులో రఘునాథాలయం వుంది. ఆ ఖిల్లానే నిజాం ప్రభుత్వం జైలుగా వాడుకున్నది. 1948లో దాశరథిని అక్కడ వుంచారు. కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గు వుంది, యెదురుగా గోడ వుంది. ఆ గోడమీద పద్యాలు రాశాడు. జైలువాళ్ళు తుడిపించారు. మళ్ళీ రాశాడు. తెలంగాణలో ఈనాడు బడిపిల్లవాడికి కూడా నోటికి వచ్చే ఒక పద్యం ఆ గోడమీద పుట్టినదే. మరుసటి సంవత్సరం, 1949లో, ‘అగ్నిధార’ అచ్చయింది. దానిని ఆయన ఏ జమీందారుకో కాక, అదే జైలులో తోటి ఖైదీగా వున్న వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు.

బాసరకూ ఆ ఖిల్లాకూ దూరం 30, 40 కిలోమీటర్లు. ఒకచోట పిల్లవాడి వేలు పట్టుకుని పళ్ళెంలో బియ్యంమీద అక్షరం రాయిస్తాము. ఇంకొకచోట అక్షరం రాసినందుకు ఒక మనిషిని శిక్షించారు. మొదటిది చూపించి రెండవది చూపించకుండా పిల్లవాణ్ణి ఇంటికి తీసుకురావడం నాకు సబబుగా తోచదు. జైలు ఇప్పుడు ఖిల్లాలో లేదు, సారంగాపూరుకు మారిపోయింది. గోడలున్నాయి. పద్యాలు తెలియకుండా వెళ్ళినవారికి అవి వట్టి గోడలే.

ఆళ్వారుస్వామి పుస్తకాలు కూడా వెంట వుండాలి. ఈయనది నల్లగొండ జిల్లా. చిన్నతనంలో ఇళ్ళలో పనిచేసి, వంటచేసి, హోటల్లో వడ్డించి చదువుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేయడమే కాదు, వాటిని స్వయంగా మోసుకుపోయి అమ్మాడు. ఆయన నవల ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. నవల పేరు చాలామందికి తెలుసు. నేను మాత్రం ముందుగా ‘జైలు లోపల’ కథలు చదవమంటాను. రాజకీయ ఖైదీగా వెళ్ళినవాడు తనను గురించి రాసుకోవడం సహజం. ఆయన దొంగలను గురించి, హంతకులను గురించి, ఎందుకు వచ్చామో తెలియని అమాయకులను గురించి రాశాడు. దాశరథి చదివితే రక్తం వేడెక్కుతుంది. ఇవి చదివితే మెల్లగా చల్లబడి, ఆలోచన మొదలవుతుంది. రెండూ కావాలి.

ఇక బోధన్. నిజామాబాదుకు పడమటగా, బస్సులో గంట ప్రయాణం. ఈ ఊరికి చదవవలసినది యెక్కువ. బుద్ధుని కాలంనాటి పదహారు మహాజనపదాలలో దక్షిణాదిన గోదావరీతీరంలో వున్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోతనం, పోదనం, పౌదన్యం అని రకరకాలుగా గ్రంథాలలో కనిపిస్తుంది. అదే ఈ బోధన్ అని పండితులలో యెక్కువమంది అంటారు.

భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుని కథ తీసి చూడండి. ఆయన భార్య మదయంతి పన్నెండేళ్ళు గర్భం మోసి, ఇక వోపలేక రాతితో గర్భాన్ని భేదించుకుంది. రాయి అంటే అశ్మం. పుట్టినవాడు అశ్మకుడు. అతడు కట్టించిన పట్టణమే పౌదన్యమని వ్యాసభారతం చెబుతుంది. ఊళ్ళోవారు మాత్రం ఈ కథ చెప్పరు. ఇది ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపినది ఇక్కడేననీ చెబుతారు. ఏకచక్రపురం మాదేనని చెప్పుకునే ఊళ్ళు దేశంలో ఇంకా వున్నాయి. బకాసురుడి కథ పిల్లలకు యెటూ తెలిసినదే గనుక తగువు పెట్టుకోవద్దు.

బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి కథ వుంది. రైల్లో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు. కోసలదేశం నుంచి వచ్చి గోదావరి వొడ్డున, అశ్మకుల సీమలో వున్న ముసలి బ్రాహ్మణుడు బావరి. యజ్ఞం చేసి వున్నదంతా దానం చేశాడు. చివర ఒకడు వచ్చి ఐదువందల నాణేలు ఇమ్మన్నాడు. లేవంటే, ఏడవనాటికి నీ తల ఏడు ముక్కలవుతుందని శపించి పోయాడు. ముసలాయన అన్నం మానేశాడు. శిరస్సంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో తెలిసినవాడు బుద్ధుడొక్కడేనని ఒక దేవత చెబితే, పదహారుమంది శిష్యులను పంపాడు. వాళ్ళు పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయినుల మీదుగా శ్రావస్తికీ, అక్కడినుంచి రాజగృహం దాకా నడిచారు. అవిద్యే ఆ శిరస్సు, విద్యే దానిని పగలగొట్టేది అని జవాబు వచ్చింది. నిర్మల్ జిల్లాలో గోదావరి మధ్య దీవిగా వున్న బాదనకుర్తి బావరి ఊరని చెబుతారు. పిల్లలు అంత దూరం యెలా నడిచారని అడుగుతారు. ఆ ప్రశ్నకోసమే కథ చెప్పాలి.

జైనుల పుస్తకాలకు వస్తే, ఆదిపురాణంలో భరత బాహుబలుల కథ చదవకుండా బోధన్ వెళ్ళవద్దు. పంపకవి దీనిని కన్నడంలో 941 ప్రాంతంలో రాశాడు. అప్పుడాయన మన వేములవాడ చాళుక్యరాజు అరికేసరి ఆస్థానంలో వున్నాడు. ఆ చాళుక్యుల పూర్వుడు యుద్ధమల్లుడు బోధన్‌లో ఐదువందల ఏనుగులకు నూనె నింపిన బావులలో స్నానం చేయించాడట. పంపడూ అన్నాడు, పర్భణీ తామ్రశాసనమూ అన్నది. ఆ నూనె యెక్కడిదో, ఏనుగులు బయటికి యెలా వచ్చాయో ఆలోచించడం ఒక పూటకు కాలక్షేపం.

బాహుబలి పౌదనపురానికి రాజు. అన్న భరతుడు చక్రవర్తినని లొంగమన్నాడు. సేనలెందుకు చావాలని అన్నదమ్ములిద్దరే చూపులతో, నీళ్ళలో, మల్లయుద్ధంలో పోటీపడ్డారు. మూడింటిలోనూ తమ్ముడు గెలిచాడు. గెలిచినవాడే రాజ్యం వదిలి అడవిలో నిలబడ్డాడు. తీగలు వొళ్ళంతా చుట్టుకున్నాయి, కాళ్ళచుట్టూ పుట్టలు లేచాయి. భరతుడు తమ్ముడికి పౌదనపురంలో బ్రహ్మాండమైన విగ్రహం నిలిపాడు. చాలా కాలానికి గంగరాజుల మంత్రి చాముండరాయని తల్లి ఆ విగ్రహం చూడాలన్నది. అది అడవిపాలై, పాములకు నెలవై, చేరరాకుండా వుందని తెలిసింది. చూడలేని దానికి బదులుగా 981 ప్రాంతంలో చాముండరాయడు శ్రవణబెళగొళలో కొండరాతిని మలిపించాడు. దేశదేశాలవారు వచ్చి చూసే ఆ విగ్రహం, బోధన్‌లో కనిపించని విగ్రహానికి ప్రతి అన్నమాట! బాహుబలి రాజధాని తక్షశిల అని శ్వేతాంబరులంటారు, వాదం తేలలేదు. అయినా బోధన్ చెరువుగట్టున నిలబడి ఈ కథ తలచుకున్నవాడు, ఏమీ కనిపించడం లేదని ఫిర్యాదు చెయ్యడు. కనిపించకపోవడమే కథ గనుక.

ఊళ్ళో స్తంభాల దేవల్ మసీదు చూడండి. చాళుక్య సోమేశ్వరుని కాలపు శాసనం (1056) ఇక్కడి ఇంద్రనారాయణాలయాన్ని పేర్కొంటుంది. కేకలు వెయ్యకుండా చూడవలసిన చోటు. తీరిక వుంటే కేతన ‘దశకుమార చరిత్రము’ చివరి కథ తిరగెయ్యండి. అశ్మకరాజు పక్కరాజును యుద్ధంతో కాక, వేట మంచిదనీ, జూదం ధైర్యమిస్తుందనీ పొగిడేవాణ్ణి పంపి పాడుచేస్తాడు. సెలవుల్లో చదవవలసిన హెచ్చరిక.

ఇందల్వాయిమీద వెళ్ళేవారు థెవెనో అనే ఫ్రెంచి బాటసారి యాత్రాగ్రంథం చూడవచ్చును. 1660ల్లో ఆయన ఆ దారిన వచ్చి, ఇక్కడి కత్తులు, బాకులు దేశమంతా పోతున్నాయని రాశాడు. అదే జిల్లాలోని కోనసముద్రం ఉక్కుకోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు.

శక్కర్‌నగర్‌కు నేను చెప్పే పుస్తకం చూసి మిత్రులు నవ్వారు: అమరకోశం. శర్కర అంటే గులకరాయి; చక్కెర కూడా. మన చక్కెర, ఉర్దూ శక్కర్ ఒకే తల్లి పిల్లలు. రాతి పేరు పెట్టుకున్న అశ్మకంలో, మంజీరమీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో చెరకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు. కాలువలకింద భూములకోసం కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి నాటుకున్న ఊళ్ళకు ఇప్పటికీ చివర ‘క్యాంపు’ అని వుంటుంది. బస్సు బోర్డులు చదువుతూ వెళ్ళండి, అదీ ఒక పుస్తకమే. ఒకే బస్సులో తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, మరాఠీ వింటారు.

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కోసిన చెరకు నిలవ వుండదు, ఒకటి రెండు రోజులలో గానుగ ఆడకపోతే రసంలో చక్కెర విరిగిపోతుంది. అంచేత మిల్లు ఆగితే దాని చుట్టూ తోటలు కూడా ఆగుతాయి. మొక్క తోట, కార్శి తోట అనే మాటలు పిల్లలకు నేర్పాలనుకునే రైతు ఇప్పుడు వరిపొలంలో నిలబడి నేర్పాలి. తెరిపిస్తామన్న మాట యెన్నికలప్పుడల్లా వినిపిస్తూనే వుంది. క్వార్టర్సువైపు వెళితే ఫోటోలు తీసే తొందరలో వుండకండి. అక్కడ పనిచేసిన పెద్దవారెవరైనా టీకొట్టు దగ్గర కనిపిస్తే, ‘‘సీజన్‌లో బండ్ల వరస యెక్కడిదాకా వుండేదండీ?’’ అని అడగండి. ఆ తరువాత మీరు మాట్లాడనక్కరలేదు.

నిజాంసాగర్ ఆనకట్ట 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో వుంది; పాత పుస్తకాలు చూసి వెళ్ళేవారు గమనించాలి. పుస్తకాలన్నీ మోసుకుపోనక్కరలేదు. భారతం, అమరకోశం ఇంట్లో చదివి వెళ్ళండి. ‘అగ్నిధార’, ‘జైలు లోపల’ మాత్రం చేతిసంచిలో పెట్టుకోండి, ఆవకాయ సీసాకు కాస్త దూరంగా.