లోపలి గడియ

మా నాయన జగ్గయ్యపేటలో ఎన్ని పడకగదులకు రంగులేశాడో లెక్కలేదు. ఆయన మాత్రం ఒక్క రాత్రి కూడా పడకగదిలో పడుకోలేదు.

సున్నం కూలీగా మొదలుపెట్టి, ఒక మేస్త్రీ వెంట తిరిగి రంగుల పని నేర్చుకున్నాడు. సంక్రాంతి ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఖాళీ ఉండేది కాదు. సున్నంలో నీలిమందు కలిపి కొట్టే కాలం పోయి డిస్టెంపరు వస్తున్న రోజులవి. సాయంత్రం ఆయన సైకిలు దిగగానే మేం మోచేతుల మీద రంగు చూసేవాళ్ళం. గులాబీ అయితే కొత్త దంపతుల గది. లేత నీలమయితే పిల్లల గది. "పిల్లలకి ఏరే గదంట. దాంట్లో బల్లా కుర్చీ కూడానంట" అని చెబుతుంటే కథ విన్నట్టు వినేవాళ్ళం. ఆ గదుల్లోకి మాదిగోడికి ప్రవేశం రంగు తడారేదాకే. మర్నాడు కూలి డబ్బులకు పోతే గుమ్మం బయటే నిలబడాలి.

మాది గూడెం చివర కాలనీ ఇల్లు. ఒకటే గది, ముందు వసారా. నాయనమ్మ, అమ్మ, నాయన, మేం నలుగురం. పొద్దున అది వంటిల్లు, మధ్యాహ్నం నాయనమ్మ పడక, సాయంత్రం మా బడి. రాత్రి చాపలు పరిస్తే నేల కనపడేది కాదు. నాయన వసారాలో పడుకునేవాడు. వానొస్తే లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు, పడుకోటానికి చోటేదీ? తలుపుకి బయట గొళ్ళెం ఉండేది గానీ లోపల గడియ లేదు. వీళ్ళకి లోపల దాచుకునేది ఏముందిలే అనుకున్నాడేమో కట్టినవాడు. నేను పెద్దమనిషినయ్యాక బట్టలు మార్చుకోవాలంటే చెల్లెలు తలుపుకి వీపు ఆనించి నిలబడేది. మా ఇంటి గడియ మా చెల్లెలే.

ఏడో తరగతి పరీక్షలప్పుడు నాయన డబ్బా అడుగున మిగిలిన గులాబీ రంగు తెచ్చాడు. మూలన గోడకి నాలుగడుగుల అడ్డం, మూడడుగుల ఎత్తు దారం పట్టి గీత గీసి, ఆ మేరకే రంగేశాడు. పుస్తకాల సంచీకి మేకు కొట్టాడు. "ఇది నీ గది. దీని ముందు ఎవురూ కూకోగూడదు" అన్నాడు. మా నాయనమ్మ కూడా ఆ రంగు మీద వీపు ఆనించేది కాదు. నాకు తెలిసి మా గూడెంలో పిల్లలకంటూ కట్టిన మొదటి గది అదే. గోడ ఒక్కటే ఉంది దానికి.

డిగ్రీలో బాబాసాహెబు జీవితం చదివాను. బొంబాయిలో ఒంటిగది ఇల్లు. తండ్రి అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, కొడుకుని చదువుకు లేపి, తరవాత తను పడుకునేవాడు. 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు ఆయన ముందు చూసుకున్నది పుస్తకాలకి చోటు. అది చదివిన రాత్రి హాస్టల్లో ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అక్కడ ఏడవాలన్నా పెట్టె చాటే.

ఇప్పుడు నందిగామ పక్క పల్లెలో సర్కారు బడి టీచర్ని. (2022 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది.) ఆమధ్య మూడో తరగతి పిల్లల్ని మీరు పడుకునే చోటు బొమ్మ గీయమన్నాను. ఒకడు ఒకే దుప్పటి కింద ఆరు తలకాయలు గీశాడు. ఒక పిల్ల ఫ్యాను ఒక్కటే గీసింది. "ఇదేందే?" అంటే "పడుకుంటే అదే కనపడుద్ది టీచర్" అంది. 2020 డిసెంబరులో పంచటం మొదలుపెట్టిన స్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. ఇల్లు 340 చదరపు అడుగులు. అందులో పడకగది ఒకటి. ఆ ఒక్కటీ రావటం చిన్న సంగతేం కాదు, ఒప్పుకుంటాను. కానీ అత్తామామలు, కొడుకూ కోడలు, ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ గది ఎవరిది? ప్లాను గీసినవాళ్ళ లెక్కలో పేదోళ్ళ ఇంట్లో ఒక జంటే ఉంటుందేమో.

అద్దె ఇళ్ళ దగ్గర "మీరేమిట్లు?" అని అడిగించుకుని అడిగించుకుని, చివరికి బ్యాంకు అప్పు తీసి నందిగామలో ఇల్లు మొదలుపెట్టాం. మూడు గదులు. రంగుల కుర్రాడు ఫోన్లో బొమ్మలు చూపిస్తాడు: పిల్లల గదికి కార్టూన్లు, పైకప్పుకి చుక్కలు. మా అమ్మాయికి చుక్కలు కావాలంది, సరే అన్నాను. నేను అడిగినవి రెండే. అలమర దాని చెయ్యి అందే ఎత్తులో ఉండాలి, ఒక గోడ గులాబీ రంగుండాలి.

అమ్మని అడిగాను, నీ గదికి ఏ రంగేయించమంటావని. నాయన పోయి నాలుగేళ్ళు. అమ్మ నవ్వి, "మా గది రంగు ఎరుపేగా" అంది. అర్థం కాలేదు. మాఘ ఫాల్గుణాల్లో ఆసామి మిరప కల్లానికి నాయన రాత్రి కాపలా పోయేవాడు. అమ్మ అన్నం తీసుకుని పోయేది. తెల్లారి మేం లేచేసరికి పొయ్యి దగ్గర ఉండేది. "ఇంట్లో నోరిప్పితే మీ నాయనమ్మకి ఇనపడుద్ది. ఏ మాటన్నా ఆడనే. కాయల ఘాటుకి దగ్గుకుంటా మాట్టాడుకునేవాళ్ళం" అంది. సర్టిఫికెట్లలో మేం నలుగురం జూన్‌లో పుట్టినవాళ్ళమే, బడిలో వేసిన తేదీలు. నిజానికి ముగ్గురం కార్తీక, మార్గశిరాల్లో పుట్టాం. ముప్పై దాటాక ఆ లెక్క తెలిసింది నాకు. పరాయివాళ్ళ పంట మీద పరాయివాళ్ళ కాపలాలో దొరికిన ఏకాంతం అది.

తలుపులు బిగించే రోజున వడ్రంగి అమ్మ గది దగ్గర ఆగాడు. "ఒంటి మనిషివి, నీకు లోపల గడియెందుకు మామ్మా? రేత్రిపూట ఏమన్నా అయితే ఎవరు తీస్తారు?"

నాకూ ఆ మాట నిజమే అనిపించింది. ఈలోగా అమ్మే అంది, "పెట్టయ్యా. ఏసుకుంటానో ఏసుకోనో నా ఇష్టం."

పెట్టాడు. కొంచెం బిగుసుగా ఉంటే కొబ్బరినూనె పోశాం.