టీనేజర్ చేతికి తొలి గోల్ఫ్ క్లబ్బులు
గోల్ఫ్ నిబంధనల ప్రకారం ఒక ఆటగాడు రౌండ్‌కు గరిష్ఠంగా 14 క్లబ్బులు తీసుకెళ్లవచ్చు. కొత్తగా నేర్చుకునే పదిహేనేళ్ల పిల్లలకు అందులో ఆరు చాలు: ఒక హైబ్రిడ్, 7, 9 నంబర్ ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. డ్రైవర్ తర్వాత కొన్నా ఫర్వాలేదు, ఎంత ముచ్చటపడినా సరే.

అసలు సమస్య పొడవుది. ఈ వయసులో ఎత్తు ఏడాదిలోనే మారిపోతుంది. పొట్టి క్లబ్ అతిగా వంగేలా చేస్తుంది. నాన్న పాత స్టీల్ సెట్ బరువెక్కువై స్వింగ్‌ను పాడుచేస్తుంది. అందుకే తేలికైన గ్రాఫైట్ షాఫ్ట్ మేలు. స్వింగ్ వేగం తక్కువైతే బాగా వంగే షాఫ్ట్, పెరిగాక రెగ్యులర్.

ఐరన్లలో కావిటీ బ్యాక్ రకం చూడాలి. వెనక గుంటలా తొలిచి, బరువును అంచులకు జరిపి ఉంటుంది. బంతి మధ్యలో తగలకపోయినా దూరం మరీ పడిపోదు.

సెకండ్ హ్యాండ్ సెట్ తెలివైన బేరమే. క్లబ్ ముఖంమీది గాడుల్లో గోరు ఆనుతోందా, షాఫ్ట్‌కు పగులుందా చూడాలి. గ్రిప్ నున్నబడితే మార్పించుకోవచ్చు.