మా ఇంటికి వచ్చిన ఆటల లాప్‌టాప్

మన సంస్థలో ముప్పది సంవత్సరాల సర్వీసు పూర్తి కావస్తున్నది. పంపులు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్ళు - వీటికి స్పెసిఫికేషన్లు వ్రాయడంలోనే సగం జీవితం గడిచింది. అట్టి మేము పదహారేళ్ళ కుమారునికి లాప్‌టాప్ కొనే విషయంలో ఒకసారి కాదు, రెండుసార్లు పొరపాటు పడ్డాము. ఆ వృత్తాంతం తోటి ఉద్యోగులకూ, వారి కుటుంబాలకూ కొంత ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము. ఈ వ్యాసంలో 'మేము' అన్న చోటనల్లా సగం వాటా మా శ్రీమతిది. పొరపాట్ల విషయంలో మాత్రం పూర్తి వాటా మాదే.

2024 మే నెలలో విశాఖపట్నం నుండి కలకత్తాకు బదిలీ అయినది. సాల్ట్ లేక్‌లో, కరుణామయి మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు దొరికింది. ఈ ఊరి పుట్టుక ఇంజనీర్లకు నచ్చే కథ. 1960లలో హుగ్లీ నది నుండి ఇసుకను గొట్టాల ద్వారా తోడి తెచ్చి, ఉప్పునీటి పల్లపు భూములను పూడ్చి, ఆ ఇసుక మీద నగరం కట్టారు. యుగోస్లావియాకు చెందిన డొబ్రివోయె తోష్కోవిచ్ దీనికి ప్రణాళిక గీశాడు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పేరిట బిధాన్‌నగర్ అయినది. వీధులకు పేర్లకంటె బ్లాకులకు అక్షరాలే ముఖ్యం. ఇల్లు చేరిన నాడు మా వాడు ఆ అక్షరాల బోర్డులు చూసి, "ఇది కూడా బ్లాకులతో కట్టిన ఊరే" అన్నాడు. ఆ మాటలోని చమత్కారం మాకు అర్థమగుటకు ఏడాదికి పైగా పట్టింది.

బదిలీ సమయంలోనే వానికొక లాప్‌టాప్ కొన్నాము. 'చదువుకు చాలును' అన్నదొక్కటే మా కొలమానం. ధర నలభై అయిదు వేలు. బరువు తక్కువ, చూపునకు అందం. 8 జి.బి. ర్యామ్ బోర్డు మీదనే అతికించి ఉన్నది. తరువాత పెంచుకొనే వీలు లేదు. గ్రాఫిక్స్ కార్డు వేరుగా లేదు. వాడు రెండు మాటలేవో అనబోతే, "ఆటలకా ఇది?" అని నోరు మూయించాము.

కొత్త బడి, రాని బెంగాలీ భాష, పదకొండవ తరగతి భారం. వాని స్నేహితులందరూ విశాఖలోనే ఉండిపోయారు. రాత్రి తొమ్మిది గంటలకు వారు నలుగురూ 'మైన్‌క్రాఫ్ట్' అనే ఆటలో కలుసుకుంటారనీ, అందులో ఒక ఊరు కడుతున్నారనీ మా శ్రీమతికి తెలుసు. మాకు తెలియదు. 2025 జూలైలో ఒక రాత్రి వాడు కదలని తెర ముందు కూర్చొని ఉండగా ఆమె మమ్ములను పిలిచి చూపించింది. అడిగితే వాడు తల త్రిప్పకుండానే అన్నాడు: "లోడయ్యేసరికి పావుగంట పడుతోంది నాన్నా. ఈలోగా మధ్యలో పోతోంది. ఇన్నాళ్ళూ నా కోసం ఆగేవాళ్ళు. నిన్నటి నుంచి ఆగట్లేదు."

బదిలీలు మనకు మామూలే. సామాను లారీకెక్కించి, ఛార్జి అప్పగించి, రిలీవింగ్ ఆర్డరు తీసుకొని బయలుదేరుతాము. పిల్లవాడు ఏమి అప్పగించి వచ్చాడో అడిగే ఫారము ఏ ఆఫీసులోనూ లేదు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరుసటి శనివారం వాని ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాము. "ఏమి నడపాలో మొదట చూపించు" అన్నాము. లోడు తెలియకుండా మోటారు కొన్నవాడు మా చేతి క్రింద ఉండి ఉంటే మెమో ఇచ్చి ఉండేవారము.

మైన్‌క్రాఫ్ట్ 2011లో పూర్తి రూపంలో వెలువడిన ఆట. ఘనాకారపు దిమ్మెలతో లోకాన్ని కట్టుకోవడమే అందులోని పని. దానికి 'మోడ్'లు ఉంటాయి. అనగా, ఆట తయారుచేసిన కంపెనీ కాక, ఆడేవారే వ్రాసి చేర్చే అదనపు భాగాలు. హోటలు సాంబారు ఇంటికి తెచ్చి మన పొడి కలుపుకొన్నట్లు. కలుపుకొన్నది ఒక్కొక్కసారి అసలును మించిపోతుంది. 1999లో వచ్చిన 'కౌంటర్-స్ట్రైక్' మొదట 'హాఫ్-లైఫ్' అనే ఆటకు ఇద్దరు యువకులు వ్రాసిన మోడే. మా వాని బృందం రెండు వందలకు పైగా మోడ్‌లు కలిపి వాడుతున్నది. వాటితో వారు కట్టినది రామకృష్ణా బీచి. ఒడ్డున కురుసుర జలాంతర్గామి కూడా దిమ్మెలతో తేలి ఉన్నది.

ఆ మోడ్‌లలో 'క్రియేట్' అన్నదానిని చూచి మేము ముందుకు జరిగి కూర్చున్నాము. నీటి చక్రాలు, ఇరుసులు, పళ్ళ చక్రాలు, బెల్టులు - అన్నీ తిరుగుతున్నవి. పెద్ద పళ్ళ చక్రాన్ని చిన్నదానికి జత చేస్తే వేగం రెట్టింపవుతుంది. యంత్రం మోపే భారమూ రెట్టింపవుతుంది. చక్రాల సామర్థ్యాన్ని మొత్తం భారం మించిన క్షణాన లైను యావత్తూ ఆగిపోతుంది. ఓవర్‌లోడ్ ట్రిప్పు! వాడు కట్టిన మర పదే పదే ఆగిపోతున్నదట. "స్పీడు ఎందుకు పెంచావురా? వేగం సగానికి దించు, నడుస్తుంది" అన్నాము. వాడు దించాడు. నడిచింది. ఆ తరువాత ఆ లాప్‌టాపు కూడా ఆగిపోయింది, అది వేరే సంగతి.

ఇక లెక్కకు దిగాము. వాని మోడ్‌ల మూటకు కేటాయించవలసిన మెమరీ 8 జి.బి. విండోసు, స్నేహితులతో మాటలాడే సాధనం, బ్రౌజరు కలిసి మరొక నాలుగైదు జి.బి. ఉన్నది మొత్తం 8. మిగిలిన భారం డిస్కు మీద పడుతున్నది. డిస్కు ఎంత వేగమైనదైనా ర్యామ్ కాజాలదు. పావుగంట ఆలస్యానికి కారణం అదే. మరి 32 జి.బి. ఉంటే అంతా ఆటకే ఇవ్వవచ్చునా అంటే, కూడదన్నాడు మా వాడు. ఈ ఆట జావా భాషలో వ్రాసినది. వాడి పారవేసిన మెమరీని జావా మధ్యమధ్య ఊడ్చుకుంటుంది. గది మరీ పెద్దదైతే ఊడ్చే వేళ ఆట తడబడవచ్చును. కావలసినంతే ఇవ్వాలి. ఈ మాట వాని నోట విన్నప్పుడు కలిగిన సంతోషాన్ని అప్పుడు బయట పెట్టలేదు.

వానికి రెండవ ఆట ఒకటున్నది: 2012లో చెక్ దేశపు కంపెనీ విడుదల చేసిన 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2'. దానికీ మోడ్‌లే. జర్మనీ రహదారి మీద మన ఆర్.టి.సి. బస్సు పోతుంటే మా శ్రీమతి పప్పు గరిట చేత పట్టుకొనే వచ్చి చూచింది. ఇక్కడి భారం వేరు. బస్సు పైపూతకు వాడే బొమ్మ 4096 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు అనుకోండి. చుక్కకు 4 బైట్ల చొప్పున 64 ఎం.బి. కుదించి పెట్టినా 16. దూరం నుండి చూపుటకు వాడే చిన్న ప్రతులు కలిపితే సుమారు 21. అట్టివి వంద ఒకేసారి తెర మీదకు రావలసి వస్తే 2 జి.బి. దాటిపోయినది, నీడలు, వాన, అద్దాలలోని ప్రతిబింబాలు ఇంకా లెక్కలోనే లేవు. ఇదంతా పట్టవలసినది గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీలో. కావున 4 జి.బి. కార్డు మోడ్‌ల ఆటలకు ఇరుకు. 6 కనీసం, 8 హాయి.

సెప్టెంబరు మొదటి శనివారం చాందినీ చౌక్ బజారుకు బయలుదేరాము. ఆగస్టు 22న సియాల్దా, ఎస్ప్లనేడ్‌ల మధ్య మెట్రో తెరచినందున సియాల్దాలో దిగి బస్సు వెదకుకొనే బాధ తప్పింది. ఆఫీసులో మిత్రులు, "22వ తేదీన జి.ఎస్.టి. తగ్గుతుంది, ఆగండి" అన్నారు. ఆ తగ్గింపు ఎ.సి.లకు, పెద్ద టి.వి.లకు. కంప్యూటర్ల మీద అంతకు ముందూ 18 శాతమే, తరువాతా 18 శాతమే.

మా పరిమితి ఎనభై వేలు. మొదటి దుకాణదారు, "దాదా, ఐ7 తీసుకోండి" అని పలుచని యంత్రమొకటి ముందుంచాడు. మేము మొగ్గాము. 7 అంటే 5 కంటె ఎక్కువ కదా! మా వాడు పేరు చివరి అక్షరం మీద వేలు పెట్టాడు. అక్కడ 'యు' ఉన్నది: 15 వాట్ల ప్రాసెసరు. ప్రక్కనున్న ఐ5కు చివర 'హెచ్‌ఎక్స్', అది 55 వాట్లది. మోడ్‌ల ఆటలో చాలా పని ఒక్క కోరు మీదనే పడుతుంది. ఆ ఒక్కటి గంటల తరబడి వేగంగా పరుగెత్తగలగాలి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఇంకొక తిరకాసు ఉన్నది. ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒకే పేరు క్రింద లాప్‌టాప్ తయారీదారు 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఎంతైనా ఇవ్వవచ్చును. ఇది మనకు కొత్త కాదు. అదే ట్రాన్స్‌ఫార్మరుకు సహజమైన గాలితో ఒక ఎం.వి.ఏ., పంకాలు తిరిగితే మరొకటి. పంకాలూ రేడియేటర్లూ చూడకుండా నేమ్‌ప్లేటు మీది ఒక్క అంకె చదివేవాడు ఇంజనీరు కాడు. పలుచని యంత్రానికి వేడి పోయే దారి తక్కువ. అందులోనూ ఇది కలకత్తా, జూన్ నెలలో గోడలు కూడా చెమటలు పట్టే ఊరు. లావుగా, వెనుక పెద్ద జల్లెడలున్న యంత్రమే మేలని తీర్మానించాము. అందంలో ఇటుక. ఛార్జరు మరొక సగం ఇటుక.

నాలుగు దుకాణాలు తిరిగి, మధ్యలో ఆకలికి తలొక రోల్ తిని, చివరకు తీసుకొన్నది: ఐ5 హెచ్‌ఎక్స్ ప్రాసెసరు, 6 జి.బి. మెమరీతో పూర్తి వాట్ల 4050, ఒకే కర్రగా 16 జి.బి. ర్యామ్, రెండవ గూడు ఖాళీ, 512 జి.బి. ఎస్.ఎస్.డి., మరొకటి పెట్టుకొనేందుకు చోటు. డెబ్బది ఆరు వేలు. తెర రంగులు కొంచెం వెలవెలబోతాయి. ఆ ధరలో ఎక్కడో ఒకచోట కోత తప్పదు. కోత తెర మీద పడటమే మంచిది, మెమరీ మీద పడకూడదు. కంపెనీ పేరు వ్రాయుట లేదు. మూడు కంపెనీలలోనూ ఇంచుమించు ఇదే సరుకు ఉన్నది.

రెండవ పొరపాటు అక్కడే జరిగింది. ఖాళీ గూడులోకి మరొక 16 జి.బి. కర్ర నాలుగు వేల చిల్లరకు ఇస్తానన్నాడు దుకాణదారు. "ఇప్పుడే తీసుకుందాం నాన్నా" అన్నాడు మా వాడు. "దీపావళి తరువాత చూద్దాం" అన్నాము, చేతిలో ఇంకా నాలుగు వేలు మిగిలి ఉండగానే. 2025 చివరికి, కృత్రిమ మేధ కేంద్రాలకు మెమరీ సరఫరా చేసే హడావిడిలో చిప్పుల కర్మాగారాలు అటు తిరిగిపోయి ధరలు పైకెగిరాయి. కొత్త సంవత్సరంలో విచారించగా అదే కర్ర మూడు రెట్లు దాటి ఉన్నది. రెండు కర్రలుంటే మెమరీకి రెండు దారులు తెరచుకొని వేగం హెచ్చుతుందన్న సంగతి ఆనాడే తెలుసును కూడా. గూడు నేటికీ ఖాళీగానే ఉన్నది. మా వాడు దాని ప్రస్తావన తేడు. మా శ్రీమతి తెస్తుంది.

కొన్న రాత్రి తొమ్మిది దాటింది. మూట మొత్తం దిగుమతి కావడానికే చాలా సేపు పట్టింది. తరువాత రెండు నిమిషాలలోపే లోకం తెరచుకొన్నది. సముద్రపు ఒడ్డు, జలాంతర్గామి, దాని ప్రక్కన వీరు లేని సమయంలో లేచిన కొత్త మేడలు రెండు. స్పీకరులో ఒక గొంతు: "ఒరేయ్, వచ్చేశావా? ఎక్కడున్నావు? కదలకు, నేనే వస్తున్నా."

తలుపు దగ్గరగా వేసి ఇవతలకు వచ్చాము. గంట తరువాత వాడే పిలిచాడు. సాల్ట్ లేక్ నుండి సముద్రపు ఒడ్డు దాకా రైలు వేయాలని నలుగురూ నిశ్చయించారట. ఇరుసు భారం లెక్క మాకు అప్పగించారు. ఇప్పటికి నీటి చక్రాలు పన్నెండు పెట్టాము. ఇంకా నాలుగు కావాలి.